వాన ఆగిన రోజు నుంచి లెక్క: ఒడ్డున నిలబడి చలికాలం స్టీల్‌హెడ్ పట్టడానికి ఏ నది?

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మా వాట్సాప్ గ్రూపులో వచ్చే ప్రశ్న ఒక్కటే: "రేపు ఏ నదికి?" అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి పడమట హిల్స్‌బొరో, బీవర్టన్ వైపు ఉంటూ, పడవ లేకుండా ఒడ్డున నిలబడి గాలం వేసే తెలుగువాళ్ళం కొద్దిమందిమి ఉన్నాం. వారమంతా ఆఫీసు, ఆదివారం పిల్లల క్లాసులు. మిగిలేది శనివారం ఉదయం. ఆ ఒక్క పూట బురద నీళ్ళ పాలైతే మళ్ళీ వారం ఆగాలి. అందుకే ఏ రాడ్డు కొనాలి, ఏ ఎర కట్టాలి అన్నవాటికంటే ఏ నదికి వెళ్ళాలన్నదే మాకు పెద్ద నిర్ణయం.

కొత్తవాళ్ళు "ఏ నదిలో చేపలెక్కువ?" అని అడుగుతారు. నేను ఆ ప్రశ్నతో మొదలుపెట్టను. వాన ఎప్పుడు ఆగింది? కొండల మీద అది వానగా పడిందా, మంచుగా పడిందా? నీళ్ళ దాకా మన కాళ్ళు చేరే ఒడ్డు ఎంత ఉంది? ఈ మూడూ తెలిస్తే నది దానంతటదే తేలుతుంది. ఎన్ని చేపలున్నా నది ఎర్రగా పారుతుంటే ఒడ్డు మీది మనిషికి దక్కేదేమీ ఉండదు.

స్టీల్‌హెడ్ గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఇది రెయిన్‌బో ట్రౌట్ జాతిదే. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ రెండు మూడేళ్ళు మేసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగొస్తుంది. మన పులస కూడా సముద్రంలో ఉన్నంతకాలం ఇలసే, గోదావరికి ఎదురీదాకే పులస. దానికి ఆషాఢ శ్రావణాల వరద ఎలాగో, దీనికి నవంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా పడే వానలు అలాగ. అయితే పులసను ఎర్రనీళ్ళలోనే వలేసి పడతారు. స్టీల్‌హెడ్ గాలానికి పడాలంటే అది ఎరను చూడాలి కదా. వరద చేపను ఏట్లోకి పిలుస్తుంది, వరద తీసి నీళ్ళు తేరాకే మనకు పని. ఒక్కో నది తేరడానికి ఎన్ని రోజులు పడుతుందన్న దాంట్లోనే అసలు తేడా అంతా ఉంది.

తేరిన నీళ్ళంటే ఎలా ఉండాలో దగ్గర నుంచి చెప్తాను. మోకాలి లోతులో నిలబడి కిందికి చూడండి. బూటు ఆకారం కనిపిస్తూ, లేసు ముడి మాత్రం సరిగ్గా తెలియకుండా ఉంటే అవి మంచి నీళ్ళు. దూరం నుంచి చూస్తే పచ్చ గాజుసీసా రంగులో ఉంటాయి. ఇక్కడివాళ్ళు దాన్ని స్టీల్‌హెడ్ గ్రీన్ అంటారు. బూటే కనబడకపోతే ఆ నది ఇంకా సిద్ధం కాలేదు. పాదం కింద గులకరాళ్ళ మీది చారలు కూడా కనబడుతున్నాయంటే నీళ్ళు మరీ తేటపడ్డాయి, చేపకు మీరూ అంతే బాగా కనబడతారు. అలాంటి రోజు సన్న దారం, చిన్న ఎర, తెల్లవారుజాము తప్ప వేరే దారి లేదు.

ఇంట్లో కూర్చుని ఇదంతా అంచనా వేయడానికి అమెరికా భూగర్భ సర్వే సంస్థ గేజ్‌లు ఉన్నాయి. నీటిమట్టం అడుగుల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. మనకు ఈ భాష కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని రేడియోలో వింటూ పెరిగినవాళ్ళం. నేను కోనసీమ లంకవాణ్ణి. మా తాతయ్య రేడియో వింటూనే, రేవులో నీటి అంచున ఒక పుల్ల పాతేవాడు. గంటకోసారి వెళ్ళి చూసొచ్చి, "తీస్తోంది" అనో "పోటు మీదుంది" అనో ఒక్క మాట చెప్పేవాడు.

ఆ పుల్ల విలువ నాకు రెండేళ్ళ కిందట జనవరిలో విల్సన్ నది మీద తెలిసొచ్చింది. తెల్లవారుజామున గేజ్ 5.4 అడుగులు చూపిస్తోంది. మంచి అంకె. సంబరంగా వెళ్ళి, సంచీ ఒక చదునైన బండ మీద పెట్టి గాలం వేస్తున్నాను. తొమ్మిదింటికి నీళ్ళ మీద ఎండుటాకులు, చిన్న చిన్న కొమ్మలు కొట్టుకురావడం మొదలైంది. పచ్చటి నీళ్ళు పాలెక్కువైన టీ రంగుకి తిరిగాయి. వెనక్కి చూస్తే సంచీ అడుగు తడుస్తోంది. ఎగువన రాత్రంతా వాన పడింది. నేను అంకె చూశాను గానీ గ్రాఫులో నీటిమట్టం గీత పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అన్నది చూడలేదు. పెరుగుతున్న 5.4 వేరు, తగ్గుతున్న 5.4 వేరు. ఇప్పుడు గేజ్‌లో వారం రోజుల గీత చూడకుండా బయల్దేరను, ఒడ్డుకు చేరగానే నీటి అంచున పుల్ల పాతకుండా గాలం తీయను. పుల్ల మునిగితే సామాను సర్దుకుని గట్టెక్కడమే.

ఇక నదుల సంగతి.

నార్త్ ఫోర్క్ నెహేలం, నెకానికం

రెండూ చిన్న ఏళ్ళు. తీరం పక్కన కొండల్లో పుట్టి, పెద్దగా ప్రయాణం చేయకుండానే సముద్రం చేరతాయి. అందుకే పొంగడం ఎంత వేగమో తీయడమూ అంతే. గట్టి వాన ఆగిన మర్నాడో, ఆ మర్నాడో గాలం వేయొచ్చు. మిగతా నదులన్నీ ఎర్రగా ఉన్నప్పుడు అక్కరకొచ్చేవి ఇవే.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను నార్త్ ఫోర్క్ నెహేలం చెప్తాను, అదీ డిసెంబరు, జనవరి నెలల్లో. 53వ నంబరు రోడ్డు మీద నెహేలం హ్యాచరీ ఉంది. అక్కడ పెంచి వదిలిన చేపలు సముద్రం నుంచి ఆ వాసన పట్టుకుని అక్కడికే వస్తాయి, సీజన్ మొదట్లోనే వస్తాయి. హ్యాచరీ చుట్టుపక్కల ఒడ్డుకు నడిచి దిగొచ్చు. వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా కట్టిన వేదిక కూడా ఉంది, దాన్ని వాళ్ళకే వదిలేయాలి. ఏరు సన్నం కాబట్టి దూరం విసరడం రాకపోయినా పర్వాలేదు. బెండు కట్టి, దాని కింద గులాబీ రంగు జిగ్గు (సీసపు తల ఉన్న కొక్కెపు ఎర) వేలాడదీసి, మనిషి నడిచే వడిలో పారే నీళ్ళలో వదిలితే చాలు. ఇబ్బంది ఏమిటంటే, మంచి రోజున హ్యాచరీ దగ్గర భుజానికి భుజం తగిలేంత జనం ఉంటారు. అక్కణ్ణుంచి కాస్త దూరం పోదామంటే చాలాచోట్ల ప్రైవేటు భూములు అడ్డం. ఫిబ్రవరి నడిమికి హ్యాచరీ చేపలు బాగా పల్చబడతాయి.

నెకానికం 26వ నంబరు హైవే పక్కనే సీసైడ్ దాకా పారుతుంది. అందరికంటే ముందు తేరేది అదే అనుకోవచ్చు. కానీ ఒడ్డు తక్కువ, ఇళ్ళూ కంచెలూ ఎక్కువ. దాన్ని నమ్ముకుని పొద్దున్నే బయల్దేరమని చెప్పను. మిగతావేవీ కుదరనప్పుడు చూడదగ్గ ఏరు.

విల్సన్

నాకు సొంతూరి కాలవంత దగ్గరైన నది ఇదే, కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటే ఉండొచ్చు.

బ్యాంక్స్ దగ్గర మొదలయ్యే 6వ నంబరు హైవే కోస్ట్ రేంజ్ కొండలు దాటి టిల్లమూక్ చేరుతుంది. కొండ దిగినప్పటి నుంచి చాలా దూరం రోడ్డు పక్కనే విల్సన్ పారుతుంది. చుట్టూ ఉన్నది టిల్లమూక్ స్టేట్ ఫారెస్ట్. 1933, 1939, 1945, 1951 సంవత్సరాల్లో, అంటే సరిగ్గా ఆరేళ్ళకోసారి, ఈ అడవి తగలబడింది. ఈ రోజు మనం చూసే చెట్లలో చాలావరకు ఆ తర్వాత మనుషులు నాటినవే. ప్రభుత్వ అడవి కావడం వల్ల ఒడ్డు మనిషికి గొప్ప మేలు జరిగింది. జోన్స్ క్రీక్, కీనిగ్ క్రీక్ లాంటి చోట్ల, రోడ్డు పక్క విశాలంగా ఉన్న చోట్ల కారు ఆపి, ఎవరినీ అడగకుండా నీళ్ళ దగ్గరికి దిగొచ్చు. ఒక మడుగు నచ్చకపోతే కారెక్కి ఐదు నిమిషాల్లో ఇంకో మడుగు. ఇంత వెసులుబాటు మరే నదిలోనూ నాకు దొరకలేదు. దిగువన టిల్లమూక్ పొలాల్లోకి వచ్చేసరికి మాత్రం ప్రైవేటు భూములు, పడవల రద్దీ.

వాన ఆగాక రెండు నుంచి మూడు రోజులు పడుతుంది. టిల్లమూక్ దగ్గరి గేజ్ 4.5 నుంచి 6 అడుగుల మధ్య ఉండి, గీత కిందికి దిగుతుంటే నేను బయల్దేరతాను. ఆరడుగుల దగ్గర నీళ్ళు ఇంకా బరువుగా ఉంటాయి. అప్పుడు చేప నడిమి వడిని తట్టుకోలేక ఒడ్డు వారకు జరుగుతుంది. ఒడ్డున నిలబడేవాడికి ఇది మంచి రోజు, ఎందుకంటే చేప పది పదిహేను అడుగుల దూరంలోనే ఉండొచ్చు. చాలామంది అదే నీళ్ళలోకి తొడల దాకా దిగి, చేప ఉన్న చోటును తొక్కేసి, నడిమికి విసురుతుంటారు. ముందు పొడి నేల మీదే నిలబడి పాదాల ముందున్న నీళ్ళలో నాలుగుసార్లు వేసి, తర్వాతే దిగండి. నా మొదటి విల్సన్ చేప నా బూట్లకు రెండు గజాల దూరంలో పడింది. బెండు పక్కకు వాలింది, రాయి తగిలిందేమో అనుకుని రాడ్డు ఎత్తితే ఆ రాయి ఎగువకు కదిలింది.

ఎగువ విల్సన్ అడుగంతా బండలు, వాటి మధ్య సందులు. సీసం కట్టి అడుగున దొర్లించే పద్ధతికి ఇక్కడ ఖర్చెక్కువ, గంటలో అరడజను కొక్కేలు రాళ్ళకు ఇచ్చి రావాలి. బెండే సుఖం. బండల మీద పాచి సబ్బులా జారుతుంది, మేకులున్న బూట్లు తప్పనిసరి. చలి ఎక్కువైతే కొండ మీద రోడ్డు గడ్డకడుతుంది, తెల్లవారుజామున అది ముందు చూసుకోండి. ఎగువన ఎక్కడిదాకా చేపలు పట్టొచ్చో నిబంధనల పుస్తకంలో హద్దు ఉంటుంది, అదీ చూసుకోండి.

శాండీ

శాండీ పోర్ట్‌లాండ్‌కి తూర్పున ఉంది. హిల్స్‌బొరో నుంచి ఊరంతా దాటి వెళ్ళాలి. గ్రెషమ్, హ్యాపీ వ్యాలీ వైపు ఉండేవాళ్ళకు పెరట్లో ఉన్నట్టే. దీని పుట్టుక మౌంట్ హుడ్ హిమానీనదాల్లో. 1805లో ఇటు వచ్చిన అన్వేషకులు లూయిస్, క్లార్క్ దీనికి క్విక్‌సాండ్ (ఊబి ఇసుక) నది అని పేరు పెట్టారు. అంతకు కొన్నేళ్ళ ముందే, 1780ల్లో, 90ల్లో మౌంట్ హుడ్ అగ్నిపర్వతం రగిలి ఇసుకా బూడిదా నదిలోకి దించింది. ఆ ఇసుక కథ ఇప్పటికీ అయిపోలేదు, ప్రతి పెద్ద వరదకీ ఈ నది తన దారి కొంచెం మార్చుకుంటుంది. 2007లో మార్మట్ ఆనకట్టను తీసేశాక ఎగువ రాళ్ళూ కంకరా కూడా కిందికి వచ్చాయి. కాబట్టి నిరుడు చేప దొరికిన మడుగు ఈ ఏడు అక్కడే ఉంటుందనుకోకండి.

ఈ నదిని ఎంచుకోవడానికి కిటుకు మంచు మట్టంలో ఉంది. వాతావరణ సూచనలో ఎన్ని అడుగుల ఎత్తు నుంచి మంచు పడుతుందో చెప్తారు. అది రెండు వేల అడుగులకు దిగిందంటే, కొండ మీద పడేదంతా మంచై అక్కడే ఉండిపోతుంది. తీరపు ఏళ్ళన్నీ ఎర్రగా పొర్లుతున్నా శాండీ పచ్చగా ఉండే రోజులివి. అదే హవాయి వైపు నుంచి వెచ్చని తుపాను వచ్చి మంచు మట్టం ఏడు వేల అడుగులకు ఎక్కిందంటే, వానా, కరిగిన మంచూ కలిసి వస్తాయి. అప్పుడు నాలుగైదు రోజులకు గానీ, ఒక్కోసారి వారానికి గానీ శాండీ తేరదు. ఒకే వాన, ఒకే వారం, కానీ చలిని బట్టి జవాబు తలకిందులవుతుంది. నా మొదటి చలికాలమంతా ఇది తెలియక, నలుగురూ మెచ్చుకున్నారని శాండీకే వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను.

ఒడ్డుకు ఇక్కడ కొదవ లేదు. ఆక్స్‌బో పార్కులో గులకరాళ్ళ మేటల మీద పొడవుగా నడుస్తూ గాలం వేయొచ్చు. ప్రవేశ రుసుము ఉంది, పెంపుడు కుక్కల్ని రానివ్వరు. డాడ్జ్ పార్కు దగ్గర పోర్ట్‌లాండ్‌కి తాగునీరిచ్చే బుల్ రన్ నది శాండీలో కలుస్తుంది. అక్కడా, దిగువన డాబ్నీ దగ్గరా దిగడం తేలిక. అడుగు గులకరాళ్ళదే కాబట్టి సీసం కట్టి చేప జన గానీ నూలు కుచ్చు గానీ దొర్లించడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. హ్యాచరీ చేపలు స్థానిక జాతి నుంచే పెంచినవి, జనవరి నుంచి మార్చి దాకా విడతలుగా వస్తుంటాయి. బుల్ రన్ కింది గేజ్ తొమ్మిది, పది అడుగుల మధ్య ఉంటే నాకు నచ్చుతుంది. నది వెడల్పు కాబట్టి అవతలి ఒడ్డు మీద ఆశ పెట్టుకోకండి, మీ వైపు ముప్పై అడుగులు శ్రద్ధగా వెతకండి.

మిగతావి

క్లాకమస్‌కి పడవ ఉన్నవాళ్ళు బాగా వెళ్తారు. ఒడ్డు వాళ్ళకు ఎస్టకేడా దగ్గరి మెకైవర్ పార్కు, దిగువన బార్టన్ లాంటి కొన్ని చోట్లే దిక్కు. పెద్ద నది, తేరడానికి శాండీ లాగే రోజులు తీసుకుంటుంది. పది రోజులు వాన లేక చిన్న ఏళ్ళు ఎండి గాజులా అయిపోయినప్పుడు మాత్రం క్లాకమస్‌లో ఇంకా నిండుగా నీళ్ళుంటాయి. అప్పుడు వెళ్ళండి.

నెస్టక్కా మంచి నది, నాకు దూరం. విల్సన్ కంటే ఒక రోజు ఆలస్యంగా తేరుతుందని పెట్టుకోండి. హీబో దగ్గర త్రీ రివర్స్ వచ్చి కలిసే చోటు హ్యాచరీ చేపలకు పేరుపడింది. బీవర్ నుంచి ఎగువకు, బ్లెయిన్ వైపు రోడ్డు పక్కన దిగే తావులున్నాయి. మెక్‌మిన్‌విల్, సేలం వైపు ఉండేవాళ్ళైతే విల్సన్‌కి బదులు దీన్నే సొంతం చేసుకోమంటాను. ట్రాస్క్ కూడా విల్సన్ పక్కదే, విల్సన్‌లో జనం మరీ ఎక్కువైతే అటు తిరగొచ్చు.

పేర్లతో జాగ్రత్త. నెహేలం అసలు నది వేరు, నార్త్ ఫోర్క్ వేరు. అసలు నది వంద మైళ్ళకు పైగా మెలికలు తిరుగుతుంది, బురద పడితే వారం దాటినా తేరదు, అందులోవి ప్రధానంగా అడవి చేపలు, అంటే హ్యాచరీలో పెంచినవి కాక ఏట్లోనే పుట్టినవి. శాండీ హ్యాచరీ ఉన్న వాగు పేరు సిడార్ క్రీక్, నెస్టక్కా వైపు హ్యాచరీ పేరూ సిడార్ క్రీకే. ఫోన్‌లో మ్యాపు పెట్టేటప్పుడు ఊరి పేరు కూడా చూడండి. ఇలాగే మా మిత్రుడొకరు తూర్పుకు పోవాల్సింది పడమటికి పోయారు.

హ్యాచరీ చేప అని పదేపదే అంటున్నది ఎందుకంటే, ఇంటికి తెచ్చుకోగలిగేది దాదాపు ఎక్కడైనా అదే. వీపు మీద తోకకు దగ్గరగా చిన్న కండ లాంటి రెక్క ఉంటుంది. హ్యాచరీవాళ్ళు పిల్లచేపగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరిస్తారు. అక్కడ మానిన మచ్చ ఉంటే అది హ్యాచరీ చేప, రెక్క ఉంటే అడవి చేప. శాండీ, క్లాకమస్ అడవి స్టీల్‌హెడ్‌లు 1998 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద రక్షణలో ఉన్నాయి. అడవి చేప పడితే ఫొటో కోసం రాళ్ళ మీదికి లాగొద్దు. నీళ్ళలోనే ఉంచి, కొక్కెం తీసి, తల ఎగువకు పెట్టి పట్టుకోండి, దానంతటదే మీ చేతిలోంచి పోతుంది. సాల్మన్‌లా ఇది గుడ్లు పెట్టగానే తప్పనిసరిగా చచ్చిపోదు, మళ్ళీ సముద్రానికి పోయి ఇంకో ఏడు రాగలదు. లైసెన్సుతో పాటు కంబైన్డ్ యాంగ్లింగ్ ట్యాగ్ (ఉంచుకున్న చేపల లెక్క నమోదు చేసేది) ఉండాలి, ఉంచుకున్న చేపను అక్కడికక్కడే నమోదు చేయాలి. ఏ నది ఎప్పుడు మూస్తారో ఏటా మారుతుంది కాబట్టి ఒరెగాన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ వెబ్‌సైటు బయల్దేరే ముందు చూడండి.

మరి ఈ శనివారం?

మొదటి చలికాలమైతే, డిసెంబరైతే, నార్త్ ఫోర్క్ నెహేలం. చేప తగిలే అవకాశం అక్కడ మీకు ఎక్కువ, నేర్చుకోవడానికి పక్కన మనుషులుంటారు. ఫిబ్రవరి, మార్చి వచ్చాక తీరం వైపు విల్సన్, కొండ వైపు శాండీ. ఈ రెండింట్లో ఒకటి మీ ఇంటి దూరాన్ని బట్టి తేల్చుకుని, ఆ సీజన్‌లో వీలైనంత వరకు దానికే వెళ్ళండి, అది కుదరని వారానికి మిగతావాటిని పక్కన ఉంచుకోండి. వారానికో నది మార్చేవాళ్ళు ఏ నదిలోనూ చేప ఎక్కడ ఆగుతుందో తెలుసుకోలేకపోవడం చాలాసార్లు చూశాను.

మంగళవారం రాత్రి వాన ఆగి, బుధ, గురు, శుక్రవారాలు పొడిగా ఉంటే శనివారానికి విల్సన్. గురువారం రాత్రి దాకా పడితే నార్త్ ఫోర్క్. వారమంతా చలితో వాన పడి, మంచు మట్టం కిందే ఉంటే శాండీ. శుక్రవారం రాత్రి గేజ్ ఒకసారి చూసి పడుకోండి, తెల్లారి కారు తీసే ముందు ఇంకోసారి చూడండి. 26వ నంబరు హైవే మీద బ్యాంక్స్ దగ్గర దారి చీలుతుంది. విల్సన్ గీత కిందికి దిగుతుంటే ఎడమ దారి పట్టి 6వ నంబరు రోడ్డెక్కండి. పైకి లేస్తుంటే తిరగకుండా నేరుగా పోండి, నార్త్ ఫోర్క్ దారి అదే.